స్ట్రాబెర్రీకి ముందు చలి, ఆ తర్వాతే గ్యాస్: నిల్వ పద్ధతి అంచెలంచెలుగా

డిసెంబరు నుంచి మార్చి దాకా లంబసింగి, చింతపల్లి కొండల నుంచి స్ట్రాబెర్రీ విజయవాడకు దిగుతుంది. మహాబలేశ్వరం సరుకు హైదరాబాద్ మీదుగా వస్తుంది. ఎక్కడి పండైనా కథ ఒకటే. పొద్దున నిగనిగలాడిన పండు మర్నాటి సాయంత్రానికి పన్నెట్ (పండ్లు అమ్మే చిన్న ప్లాస్టిక్ డబ్బా) అడుగున రసం కారుస్తుంది, ఒక మూల బూడిదరంగు బూజు పైకి లేస్తుంది. దీన్ని ఆపడానికి గాలి మార్చే కవర్లు, అంటే లోపల ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగేలా చేసే ప్యాకింగ్, వాడుకలోకి వచ్చాయి. మంచి పద్ధతే. కానీ అది చలికి తోడుగా పనిచేస్తుంది తప్ప చలికి బదులుగా పనికిరాదు. వెచ్చటి పండును కవర్లో పెట్టి బిగిస్తే, కవరు లేకుండా ఉంచిన దానికన్నా ముందే పాడవుతుంది. ఎందుకో, ఏం చేస్తే అలా జరగదో ఇక్కడ లెక్కలతో సహా చూద్దాం. లెక్క కోసం 200 గ్రాముల పన్నెట్లు పది పట్టే 2 కిలోల పెట్టె, అలాంటి 100 పెట్టెలు, మొత్తం 200 కిలోల సరుకు అనుకుందాం. చిన్న వ్యాపారికి, ఒక మోస్తరు రైతు సంఘానికి సరిపోయే పరిమాణమిది.

ముందు ఒక మాట. దిగిన సరుకును రెండు రోజుల్లో అమ్మేసేవాళ్లకు ఈ గ్యాస్ గొడవ అక్కర్లేదు. పండును 1 డిగ్రీకి చల్లబరిచి అక్కడే ఉంచగలిగితే చాలు, ఆ డబ్బు అటే పెట్టండి. నాలుగు నుంచి పది రోజులు ఆపాల్సి వచ్చినప్పుడే గాలి మార్చడం ఖర్చుకు తగిన ఫలితమిస్తుంది. ఉదాహరణకు సంక్రాంతి ముందు సరుకు కూడబెట్టడం, వారానికి ఒక్క లోడే రావడం, దూరపు ఊళ్లకు పంపడం.

గ్యాస్ చేసే పని, చేయలేని పని

స్ట్రాబెర్రీ కోశాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. 0 డిగ్రీల దగ్గర కిలో పండు గంటకు 6 నుంచి 10 మి.లీ. కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. 10 డిగ్రీల దగ్గర అది 25 నుంచి 50 మి.లీ., 20 డిగ్రీల దగ్గర 50 నుంచి 100 మి.లీ. అవుతుంది. అంటే వేడి పెరిగేకొద్దీ పండు తన చక్కెరను తానే ఎనిమిది నుంచి పది రెట్ల వేగంతో ఖర్చు చేసుకుంటుంది. ఈ వేగాన్ని ప్రధానంగా తగ్గించేది చలే. గ్యాస్ కూడా కొంత తగ్గిస్తుంది, కానీ స్ట్రాబెర్రీ విషయంలో దాని అసలు పని బూజును అణచడం.

పండు మీద వచ్చేవి ముఖ్యంగా రెండు బూజులు. రైజోపస్ బూజుకు 5 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే కదలిక ఉండదు, కాబట్టి దాన్ని చలి ఒక్కటే ఆపేస్తుంది. బోట్రైటిస్ అనే బూడిదరంగు బూజు అలా కాదు, 0 డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. దాని కోసమే గాలిలో 10 నుంచి 15 శాతం కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఆ మోతాదులో బూజు చావదు, నిలిచిపోతుంది. కవరు తీసి వెచ్చటి గాలిలో పెట్టగానే మళ్లీ పనిలో పడుతుంది. ఈ సంగతి మరిచిపోతే దుకాణంలో నష్టపోతారు.

నాణ్యత మీద ఇంకొన్ని మార్పులు కనిపిస్తాయి. పండు గట్టిదనం కొంచెం పెరుగుతుంది. వేలితో నొక్కితే తేడా తెలుస్తుంది, పన్నెట్ అడుగు పండ్లకు ఇది మేలు. రంగు మాత్రం ఎక్కువ గ్యాస్‌లో లోపల సరిగా ఎక్కదు. కోసి చూస్తే కండ పాలిపోయి ఉంటుంది. విటమిన్ సి కూడా గ్యాస్ ఎక్కువైతే కొంత తగ్గుతుంది. రుచికి అసలు ప్రమాదం హద్దు దాటినప్పుడు వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 20 శాతం మించినా, ఆక్సిజన్ 2 శాతం కన్నా పడిపోయినా పండు లోపల పులిసినట్టు అయి ఆల్కహాలు, ఇథైల్ అసిటేట్ తయారవుతాయి. అప్పుడు పన్నెట్ తెరవగానే గోళ్ల రంగు వాసన వస్తుంది. ఒక పూట మాత్రమే అలా జరిగి ఉంటే మామూలు గాలి తగిలాక కొంత పోతుంది. రెండు రోజులు ఉంటే ఇక పోదు.

తీపిని మాత్రం ఏ గ్యాసూ పెంచదు. కోశాక స్ట్రాబెర్రీ ఎర్రబడుతుంది కానీ తియ్యబడదు. సగం తెల్లగా కోసిన పండును ఎంత జాగ్రత్తగా నిల్వ చేసినా పదో రోజున మీ చేతికొచ్చేది ఎర్రటి పుల్లటి పండే.

తోట దగ్గర

మీరు కొనేవాళ్లయితే ఈ షరతులు రైతుతో ముందే మాట్లాడుకోండి. నిల్వకు వెళ్లే పండు ముప్పావు వంతుకు పైగా ఎర్రబడి ఉండాలి. లంబసింగిలో పొద్దుటిపూట మంచు ఎక్కువ. తడి ఆరకముందు కోస్తే పన్నెట్‌లోకి నీళ్లు, వాటితో పాటు బూజు విత్తనం వెళ్తాయి. తడి ఆరాక మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ముచ్చికకు సెంటీమీటరు కాడ ఉంచి గిల్లాలి. పండును వేళ్లతో పిసికి లాగితే ఆ నొక్కు మూడో రోజున గోధుమరంగు మచ్చై బయటపడుతుంది.

కోసిన చేత్తోనే అమ్మే పన్నెట్లోకి వేయాలి. బుట్టలో పోసి, ఏరి, మళ్లీ సర్దే పద్ధతి నిల్వ సరుకుకు పనికిరాదు. చేయి మారిన ప్రతిసారీ దెబ్బలు పెరుగుతాయి. పన్నెట్లో ఒక్క బూజు పండు, ఒక్క చితికిన పండు, పక్షి కొట్టిన పండు ఉన్నా తీసేయాలి. బోట్రైటిస్ ఒక పండు నుంచి ఆనుకుని ఉన్న పండుకు పాకుతుంది, అందుకే పన్నెట్లో గూడులా ఒకే చోట కనిపిస్తుంది. కడగడం అసలే వద్దు.

చల్లబరచడం: మొత్తం పనిలో ఇదే కీలకం

కోతకు, చలికి మధ్య ఒక గంట మించకూడదనేది ప్రపంచమంతా పాటించే నియమం. తోట దగ్గరే చల్లబరిచే వీలు లేకపోతే కనీసం నీడలో ఉంచి, అదే రోజు ఇన్సులేషన్ ఉన్న బండిలో ఎక్కించాలి. ఒక అపోహ ఇక్కడే తీర్చుకోవాలి. రీఫర్ బండి, అంటే చల్లబరిచే యంత్రం ఉన్న బండి, చల్లటి పండును చల్లగా ఉంచుతుంది, వెచ్చటి పండును చల్లబరచలేదు. 25 డిగ్రీల పండు ఎక్కిస్తే విజయవాడలో దిగేసరికి బయటి వరస పెట్టెలు చల్లగా, మధ్య పెట్టెలు ఇంకా వెచ్చగా ఉంటాయి. దిగగానే థర్మామీటర్ సూదిని మధ్య పెట్టెలోని పండులో గుచ్చి చూడండి. బండి డ్యాష్‌బోర్డు మీది అంకెను నమ్మవద్దు.

మామూలు కోల్డ్ రూమ్‌లో పెట్టెలు పేర్చి వదిలేస్తే మధ్య పండు చల్లబడటానికి ఒక రాత్రి పైన పడుతుంది. గాలిని పెట్టెల గుండా లాగితే రెండు గంటల్లో అయిపోతుంది. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గది లోపలే పెట్టెలను రెండు వరసలుగా, ఒక్కో వరసలో 50 చొప్పున మీటరు ఎత్తు పేర్చండి. వరసల మధ్య అడుగున్నర సందు వదలండి. సందు పైభాగాన్ని, వెనక చివరను టార్పాలిన్‌తో మూసేయండి. ముందు చివర ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, సందులోని గాలిని బయటికి లాగేలా తిప్పండి. ఇప్పుడు గది చల్లగాలికి సందులోకి వెళ్లాలంటే పెట్టెల రంధ్రాలు, పన్నెట్ రంధ్రాలు తప్ప వేరే దారి ఉండదు.

కిలో పండుకు సెకనుకు ఒక లీటరు గాలి లెక్క. 200 కిలోలకు అది గంటకు 720 ఘనపు మీటర్లు, అంటే సుమారు 425 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). పెట్టెల అడ్డు వల్ల ఫ్యాన్ బలం సగానికి పైగా తగ్గుతుంది కాబట్టి 1000 సీఎఫ్ఎం అని రాసి ఉన్నది కొనండి. అట్టపెట్టె పక్క గోడలో కనీసం 5 శాతం మేర రంధ్రాలు ఉండాలి. అవి పన్నెట్ రంధ్రాలకు ఎదురుగా రావాలి. టార్పాలిన్ అంచుల్లో సందులుంటే గాలి అటు నుంచే దొర్లిపోతుంది, ఫ్యాన్ తిరుగుతున్నా పండు చల్లబడదు. ఒక అగరొత్తి వెలిగించి అంచుల వెంట తిప్పితే పొగ ఎటు పోతుందో చూసి టేపు వేయవచ్చు.

యంత్రం సరిపోతుందా అన్నది చేత్తో లెక్కేసుకోవచ్చు. కిలో పండును ఒక డిగ్రీ దించడానికి 3.9 కిలోజౌళ్లు తీయాలి. 200 కిలోలను 25 నుంచి 2 డిగ్రీలకు దించాలంటే దాదాపు 18,000 కిలోజౌళ్లు, అంటే 5 యూనిట్ల వేడి. దాన్ని రెండు గంటల్లో తీయాలంటే 2.5 కిలోవాట్లు, ఏసీ లెక్కలో ఇంచుమించు 0.7 టన్ను. గోడల వేడి, తలుపు తెరవడం, ఫ్యాన్ వేడి కలిపితే రెండు టన్నుల యంత్రం ఉంటే ఇబ్బంది ఉండదు. నిల్వకు మాత్రమే లెక్కేసి పెట్టిన ఒక టన్ను యంత్రం మీద ఒకేసారి 200 కిలోల వెచ్చటి సరుకు పడితే గది ఉష్ణోగ్రతే పైకి వెళ్లిపోతుంది, పక్కనున్న పాత సరుకు కూడా చెడుతుంది. అప్పుడు 70 కిలోల చొప్పున మూడు విడతలుగా చేసుకోవడమే మేలు.

పండుకూ గాలికీ మధ్య ఉన్న తేడా సగం కావడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి. 40 నిమిషాలు పడితే అలాంటివి మూడు గడిచేసరికి, అంటే రెండు గంటలకు, తేడాలో ఎనిమిదింట ఏడు వంతులు పోతాయి. మధ్య పండు 2, 3 డిగ్రీలకు రాగానే ఫ్యాన్ ఆపేయండి. ఇంకా తిప్పితే పండు చల్లబడే బదులు ఎండుతుంది. బరువులో ఆరు శాతం పోతే చాలు, ముచ్చిక వాడి, పండు మెరుపు పోయి, కొనేవాళ్లు చేత్తో పట్టుకుని వెనక్కి పెట్టేస్తారు.

గది ఎలా ఉండాలి

పండు దగ్గర 0.5 నుంచి 1 డిగ్రీ, తేమ 90 నుంచి 95 శాతం. స్ట్రాబెర్రీ మైనస్ 0.8 దగ్గర గడ్డకడుతుంది కాబట్టి చలి ఎక్కువైతే మంచిదేగా అని మైనస్‌కి తిప్పవద్దు. కాయిల్‌కి, అంటే గదిలో చల్లగాలి వదిలే గొట్టాల చుట్టకు, ఎదురుగా ఉన్న పెట్టెలు ముందు గడ్డకట్టి, కరిగాక ముద్దవుతాయి.

తేమ నిలవాలంటే కాయిల్ పెద్దదిగా ఉండాలి. కాయిల్‌కీ గది గాలికీ తేడా 4, 5 డిగ్రీలు మించితే గాలిలోని తేమంతా మంచై కాయిల్ మీద పేరుకుంటుంది. ఆ మంచు పండు నుంచి పోయిన నీరే. థర్మోస్టాట్ ఆన్, ఆఫ్‌ల మధ్య తేడాను అర డిగ్రీకి బిగించండి. కవర్లు వేశాక ఇది ఇంకా ముఖ్యం. లోపల తేమ 95 శాతం ఉన్నప్పుడు గాలి ఒక డిగ్రీ కూడా చల్లబడనక్కర్లేదు, కవరు లోపలి వైపు చెమట పట్టేస్తుంది. ఆ చుక్క పండు మీద పడిన చోటే మొదటి బూజు కనిపిస్తుంది.

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు కొదవ లేదు, వాటిలో ఒక చాంబరు అద్దెకు తీసుకుంటే పోలా అనిపిస్తుంది. మిర్చికి కట్టిన చాంబరు బెర్రీకి పనికిరాదు. అక్కడ ఉష్ణోగ్రత 4 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటుంది, టిక్కీల్లోని (బస్తాల్లోని) మిర్చి మెత్తబడకుండా గాలిని పొడిగా ఉంచుతారు. ఆ పొడి గాలిలో స్ట్రాబెర్రీ రెండు రోజుల్లో వడిలిపోతుంది. ఘాటు సరేసరి. పండ్ల చాంబరు విడిగా ఉన్న చోటైనా, పక్కన మామిడి, అరటి ఉండకూడదు. అవి వదిలే ఇథిలీన్ స్ట్రాబెర్రీని పండించదు కానీ బూజుకు ఊతమిస్తుంది. గంధకపు ప్యాడ్లు పెట్టిన ద్రాక్ష పెట్టెలు కూడా దగ్గర ఉండకూడదు, ఆ ప్యాడ్లు వదిలే వాయువు తగిలితే ఎర్రటి పండు వెలిసిపోతుంది.

కవరు: ఏ ప్లాస్టిక్, ఎన్ని రంధ్రాలు

చాలామంది పొరబడేది ఇక్కడే. మామూలు పాలిథిన్ కవరు పూర్తిగా మూస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ ఆక్సిజన్ కన్నా దాదాపు నాలుగు రెట్లు సులువుగా బయటికి పోతుంది. ఆక్సిజన్ 21 నుంచి 5 శాతానికి పడిపోయినా, లోపల కార్బన్ డయాక్సైడ్ 4 శాతమే ఉంటుంది. బూజును ఆపడానికి 10 కావాలి కదా. అంటే ఆ కవరు పండుకు ఊపిరాడకుండా చేస్తుంది, బూజును మాత్రం ఆపదు. సన్నటి రంధ్రాల కవర్లో లెక్క మారుతుంది. రంధ్రం గుండా రెండు వాయువులూ ఇంచుమించు ఒకే వేగంతో పోతాయి, కార్బన్ డయాక్సైడ్ కాస్త నెమ్మది. అందుకే ఆక్సిజన్ 11 శాతం ఉండగానే కార్బన్ డయాక్సైడ్ 12కి చేరుతుంది. బెర్రీలకు సరిపడే కవరు ఇదే.

2 కిలోల పెట్టెకు లైనర్ (పెట్టె లోపలి కవరు) వేసి మూసేటట్టయితే, 1 డిగ్రీ దగ్గర పండు గంటకు 16 మి.లీ. ఊపిరి తీస్తుంది. అర మిల్లీమీటరు మందం గుండుసూదితో పొడిచిన రంధ్రాలు ఐదు ఉంటే పైన చెప్పిన 11, 12 శాతాలు వస్తాయి. నాలుగైతే కార్బన్ డయాక్సైడ్ 15కి ఎక్కుతుంది. పదిహేను పొడిస్తే 4 శాతానికి పడిపోతుంది, అప్పుడు కవరు వేసీ లాభం లేదు. లేజర్‌తో పొడిచిన కవర్లలో రంధ్రాలు 100 మైక్రాన్లే ఉంటాయి, వాటిలో ఒకటి సూది రంధ్రంలో ఏడో వంతు పని చేస్తుంది, కాబట్టి ముప్పై పైచిలుకు కావాలి. ఈ అంకెలు లెక్కకట్టినవి. మీ సూది మందం, మీ పండు రకం బట్టి మారతాయి. మొదటి విడతలో గ్యాస్ శాతం చూపే మీటరుతో చూసి సరిచేసుకోవాలి. రంధ్రాలు పెట్టె పక్క గోడల వైపు రావాలి, మరో పెట్టె మీద పడి మూసుకుపోకూడదు. కాయిల్ ఫ్యాన్ గాలి సూటిగా తగలకూడదు.

ఇప్పుడు అదే ఐదు రంధ్రాల లైనర్‌ను 5 డిగ్రీల గదిలో పెట్టండి. పండు ఊపిరి ఇంచుమించు రెట్టింపు అవుతుంది, రంధ్రాలు మాత్రం ఐదే. ఆక్సిజన్ 2 శాతం కిందికి, కార్బన్ డయాక్సైడ్ 20 దాటి పోతాయి. నాలుగు డిగ్రీల తేడాకే పండు పులుస్తుంది. 20 డిగ్రీల వరండాలో మరిచిపోతే ఎనిమిది తొమ్మిది గంటల్లో, విజయవాడ మధ్యాహ్నపు ఎండలో నిలిపిన ఆటోలో అంతకు సగం సమయంలోపే ఆక్సిజన్ అడుగంటుతుంది. చలిని గట్టిగా నిలబెట్టలేని గదిలో 15 శాతం కోసం ఆశపడకుండా 10 దగ్గరే ఆగమనేది ఇందుకే.

లైనర్‌కు ఇంకో లోపం ఉంది. చల్లటి పండు తనంతట తాను గ్యాస్ పోగేసుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మొత్తం ఆయుష్షే పది రోజులైన పండుకు అది చాలా ఆలస్యం. కాబట్టి మొదటి మోతాదు మనమే ఇవ్వాలి.

పేర్పు మొత్తానికి ఒకే కవరు, సిలిండర్ గ్యాస్

200 కిలోలూ ఒకేసారి కదిలే సరుకైతే పెట్టె పెట్టెకు లైనర్ కన్నా ఇది తేలిక. ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క చట్రం) మీద ముందు ఒక మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద చల్లబడిన పెట్టెలు పేర్చండి. పైనుంచి సంచిలాంటి కవరు దింపి, అంచును కింది షీటుతో కలిపి వెడల్పాటి టేపుతో చుట్టూ అతికించండి. కింద ఒక మూల గ్యాస్ గొట్టానికి రంధ్రం, పైన ఎదుటి మూల గాలి పోవడానికి మరో రంధ్రం పెట్టండి. కార్బన్ డయాక్సైడ్ బరువైనది, కింద చేరి పైనున్న మామూలు గాలిని బయటికి తోస్తుంది.

ఆహార పదార్థాలకు వాడే నాణ్యత ఉన్న సిలిండరే తీసుకోండి. నిలబెట్టి, గొలుసుతో గోడకు కట్టి వాడాలి. పడుకోబెడితే ద్రవం వచ్చి రెగ్యులేటర్ బిగుసుకుపోతుంది. 100 పెట్టెల పేర్పులో పండు పోగా ఖాళీ సుమారు 900 లీటర్లు ఉంటుంది. అక్కడ 12 శాతం రావాలంటే దాదాపు 115 లీటర్ల గ్యాస్, బరువులో 230 గ్రాములు. నిమిషానికి 10 లీటర్ల ఫ్లోమీటర్ మీద 12 నిమిషాలు. ఆ తర్వాత రెండు రంధ్రాలూ టేపుతో మూసి, గంట ఆగి, మధ్య ఎత్తులో సూది గుచ్చి మీటరుతో చూడండి. సూది గుచ్చే చోట ముందే రబ్బరు స్టిక్కర్ అతికిస్తే రంధ్రం తానే మూసుకుంటుంది.

కవరు గాలి చొరకుండా ఉంటే 1 డిగ్రీ దగ్గర రోజుకు సుమారు 4 శాతం గ్యాస్ పండే కలుపుతుంది. 12తో మొదలైతే మర్నాటికి 16, మూడో రోజుకు 20. అసలు కవరు ఎక్కడో ఒకచోట కారుతుంది కాబట్టి అంత వేగంగా పెరగదు. ఉదయం, సాయంత్రం కొలిచి రాసుకోండి. 15 దాటితే పై రంధ్రం టేపు అరగంట తీసేయండి. 10 కిందికి పడితే రెండు మూడు నిమిషాలు గ్యాస్ ఇవ్వండి. ఒక్క రోజులో ఆరేడు శాతం పెరిగిందంటే మీటరును అనుమానించకముందు పండు ఉష్ణోగ్రత చూడండి, మధ్య పెట్టెలు సరిగా చల్లబడలేదన్నమాటే.

ప్రాణానికి సంబంధించిన విషయం: సిలిండర్‌ను కోల్డ్ రూమ్ బయటే ఉంచి గొట్టం మాత్రం లోపలికి తీసుకెళ్లండి. 5 కిలోల సిలిండరు మొత్తం కారితే రెండున్నర ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. 20 ఘనపు మీటర్ల గదిలో అది 12 శాతం, మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. నేల దగ్గరే పేరుకుంటుంది కాబట్టి కిందికి వంగిన కుర్రాడు ముందు పడతాడు. గదిలో మోకాలి ఎత్తులో కార్బన్ డయాక్సైడ్ అలారం పెట్టండి. రోజంతా పనిచేసే చోట 0.5 శాతం మించకూడదు. కవరు విప్పేటప్పుడు తలుపు బార్లా తెరిచి, ఇద్దరు ఉండి పనిచేయాలి. తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలి.

తెరిచి దుకాణానికి పంపేటప్పుడు

గాలి మార్చిన కవరు చలిగదిలోనే విప్పాలి, గది దాటించకూడదు. ఇది లైనర్‌కూ వర్తిస్తుంది. కానీ విప్పిన పండును నేరుగా బయటికి తెస్తే ఇంకో సమస్య వస్తుంది. జనవరిలో కూడా బెజవాడ గాలిలోని తేమ 18 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. 1 డిగ్రీ పండు మీద క్షణాల్లో చెమట పడుతుంది, తడిసిన పండు మీద ఇన్నాళ్లూ అణిగి ఉన్న బూజు ఒక్క రాత్రిలో లేస్తుంది.

దీనికి మార్గం ఇది. గ్యాస్ కవరు తీసేసి, పెట్టెలకు పెద్ద రంధ్రాలున్న సాదా కవరు వదులుగా తొడగండి. చెమట ఆ కవరు పైన పడుతుంది, పండు మీద పడదు, ఊపిరికీ అడ్డు ఉండదు. మూత ఉన్న థర్మాకోల్ పెట్టెల్లో దుకాణానికి పంపండి. దుకాణంలో 5 నుంచి 8 డిగ్రీల గాజు ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజుకు, మర్నాటికి సరిపడా మాత్రమే దించుకోమని చెప్పండి. ఒకసారి బయటికి వచ్చిన పెట్టెను మళ్లీ గదిలోకి తేవద్దు. గ్యాస్‌లో ఎనిమిది రోజులున్న పండుకు బయట మిగిలే ఆయుష్షు ఒకటి రెండు రోజులే. ఆ సంగతి చిల్లర వ్యాపారికి ముందే చెప్పడం న్యాయం, లేకపోతే మీ సరుకు మీదే మచ్చ పడుతుంది.

లక్షణాన్ని బట్టి తప్పు పట్టుకోవడం

ప్రతి విడతలో రెండు పన్నెట్లు నమూనాగా పక్కన పెట్టి, రోజూ ఒకే వేళ చూడండి. ఒక్క పన్నెట్లో గుంపుగా బూజుంటే తోటలో ఏరడంలో లోపం. పేర్పు అంతటా పై వరస పండ్ల మీదే బూజుంటే కవరు చెమట, అంటే ఉష్ణోగ్రత ఊగుతోంది. పొడవాటి తెల్లటి దూదిలాంటి పోగులు, వాటి మీద నల్లటి చుక్కలు కనిపిస్తే అది రైజోపస్, ఎక్కడో దారిలో పండు గంటల తరబడి వెచ్చగా ఉంది. గోళ్ల రంగు వాసన వచ్చి పండు చూడటానికి బాగానే ఉంటే గ్యాస్ ఎక్కువైంది. వాసన లేకుండా ముచ్చిక ఎండి, రంగు ముదిరి, మెరుపు పోతే తేమ చాలలేదు. అడుగు పండ్లు మాత్రమే చితికి ఉంటే పన్నెట్ లోతు ఎక్కువ, రెండు వరసల కన్నా ఎక్కువ పండు వేయవద్దు.

కరెంటు పోతే తలుపు తీయకండి. రెండు గంటల్లో రాకపోతే, జనరేటర్ లేకపోతే, ఆ విడతకు కవర్లన్నీ విప్పేయండి. గ్యాస్ పోయినా ఫరవాలేదు, పండు పులియకుండా ఉండాలి.

బ్లూబెర్రీ, నేరేడు

బ్లూబెర్రీ ఓపికగల పండు. 0 డిగ్రీల దగ్గర మామూలు గాలిలోనే రెండు వారాల పైన నిలుస్తుంది, 10 నుంచి 12 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఇంకా ఎక్కువ. 25 దాటితే మెత్తబడి రుచి చెడుతుంది. దాని మీది తెల్లటి పొడి పొరను చేత్తో తుడవవద్దు, నీటిని లోపల ఆపేది అదే. దిగుమతి సరుకు పెట్టెలు తెరిచి మళ్లీ సర్దే దుకాణాల్లో ఆ పొర పోయి వారానికే ముడతలు పడుతుంది.

జూన్, జులైలో వచ్చే నేరేడును ఈ గదిలో పెట్టాలనుకుంటే సెట్టింగు మార్చండి. దానికి 0 డిగ్రీలు పడవు, 8 నుంచి 10 డిగ్రీలు, 85 నుంచి 90 శాతం తేమ కావాలి. పూర్తిగా మూసిన కవరు వద్దు, రంధ్రాల పాలిథిన్ సంచి చాలు. చెట్టు కింద పట్టా పరిచి కొమ్మ ఊపి రాల్చిన కాయ కాకుండా చేత్తో కోసిన కాయనే నిల్వకు తీసుకోండి. రాలినప్పుడు తగిలిన దెబ్బ తొలిరోజు నల్లటి తొక్క మీద కనపడదు, మూడో రోజుకు అక్కడి నుంచే రసం కారుతుంది.